పరదేశి బండి వెనక చక్రం

పరదేశి బండి ఎక్కాలంటే ముందు చెప్పులు దులుపుకోవాలి. కాళ్ళకి బురదుంటే తుడుచుకోవడానికి తలుపు సందులో గోనెముక్క ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెళ్ళికూతురైనా సరే, ఊరి పెద్దైనా సరే, "కాళ్ళు, కాళ్ళు సూసుకోండి" అనకుండా తలుపు తియ్యడు. చోడవరంలో ఏడు సీట్ల బళ్ళు కిరాయికి తిప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, లోపల కూర్చుంటే కొత్త చాప పరిచినట్టుండేది మాత్రం పరదేశి బండే.

అంత శుభ్రం అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. పంచదార ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో పొద్దంతా నిలబడి, సరుకు దింపి, ఇంటికి మళ్ళితే ఆకలికి కళ్ళు తిరుగుతుండేవి. అయినా ముందు ఎడ్లని కాలవలోకి దించి, ఒళ్ళు రుద్ది, ఒడ్డెక్కించాకే కంచం ముందు కూర్చునేవాడు. "కష్టపడొచ్చిన గొడ్డుకి నీళ్ళు పడందే మనిషికి మెతుకు పడకూడదురా" అని కొడుక్కి నూరిపోశాడు. ఎడ్లబళ్ళు పోయాయి, ట్రాక్టర్లూ లారీలూ వచ్చాయి. పరదేశి చాలాకాలం ఎవరెవరివో చెరుకు లారీలు తోలి, చివరికి వేరొకరు వాడిన పెద్ద బండి కొనుక్కుని తన కాళ్ళ మీద తను నిలబడ్డాడు. తండ్రి మాట మాత్రం వదల్లేదు. దేవరాపల్లి వెళ్ళొచ్చినా, వైజాగ్ వెళ్ళొచ్చినా ఇంటికి రాడు. ఊరి చివర పశువులు దిగే రేవు దగ్గర బండిని నేరుగా కాలవలోకి దించేస్తాడు. సగం చక్రాలు మునిగేదాకా దించి, అడుగున ఇంకా సెగలు వస్తుండగానే కడుగుతాడు. ఒడ్డున గేదెలు కడిగేవాళ్ళు, "మా గేది పాలిస్తాది పరదేశీ, నీ గేది ఏటిస్తాది?" అని నవ్వేవాళ్ళు. "కూడెడతాది" అనేవాడు.

పరదేశి ఉండే వీధిలో పురుడు పోసుకున్న ఆడపిల్లని ఆస్పత్రి నుంచి తీసుకురావాలంటే ఇంకో బండి మాట ఎవరికీ తోచదు. సబ్బవరం రోడ్డులో ఏ గొయ్యి ఎక్కడుందో పరదేశికి తెలుసు. ఎక్కడ ఏ చక్రం దించితే వెనక కూర్చున్న బాలింతకి కుట్లు లాగవో కూడా తెలుసు. అందుకే రెండిళ్ళవతల ఉండే తాయారు, కూతురు రేవతికి నెలలు నిండుతుండగానే ఒక మంచిరోజు చూసి, పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి పరదేశి చేతిలో పెట్టింది.

"ఎన్ని మొక్కులు మొక్కితే కాసిన కాయిది! బిడ్డ మొదటి ప్రయాణం నీ బండిలోనే, పరదేశీ. మరి మాట తప్పకు."

"తాంబూలం ముట్టుకున్నాక ఇంకేటప్పా" అన్నాడు పరదేశి, ఆ ఆకుల్ని కళ్ళకద్దుకుని.

రేవతిని వైజాగ్‌లో ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేసి మగబిడ్డని తీశారు. మనవణ్ణి చూడ్డానికి తాయారుని తీసుకువెళ్ళిన రోజునే బండిలో ఒక చప్పుడు మొదటిసారి పైకి వినబడింది. బండి మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. వేగం అందుకునేసరికి వెనకనుంచి 'హూఁ' అని ఒకటే రొద. వేగం పెరిగితే అదీ పెరుగుతోంది, తగ్గితే అదీ తగ్గుతోంది.

వెనక సీట్లో తాయారు చెవి రిక్కించింది. "పరదేశీ, యెనకాల తుమ్మెద దూరిందేటి?"

"రోడ్డప్పా. కొత్త రోడ్డు అలాగే అరుస్తాది."

"ఇది కొత్త రోడ్డేటి? నాను కాపరానికొచ్చినప్పటి గోతులు ఇంకా అలాగే ఉన్నాయి కదా!"

పరదేశి పాటల మోత పెంచాడు. తాయారు ఊరుకోలేదు. సీటు వెనక్కి తిరిగి, సంచులు పక్కకు జరిపి, తుమ్మెద కోసం వెతికింది.

అసలు ఆ చప్పుడు పరదేశికి అంతకుముందునుంచే తెలుసు. తెలిసీ పెడచెవిన పెట్టాడు. తన బండికి జబ్బంటే ఇంట్లో మనిషికి జబ్బన్నట్టే. నోటితో అనేస్తే నిజమైపోతుందని భయం. కానీ ఎన్నాళ్ళు దాగుతుంది? ఇంటి దగ్గర భార్య కనకమహాలక్ష్మి అన్నం వడ్డిస్తూ మాట కలిపింది.

"మావా, ఇదివరకు బండొచ్చాక తెలిసీది నువ్వొచ్చేవని. ఇప్పుడు మలుపు తిరక్కముందే మూలుగు ఒస్తంది."

"నీకు సెవులెక్కువ."

"నాకు సెవులెక్కువో, నీకు తక్కువో, స్టాండులో అడుగు."

స్టాండులో అడగక్కర్లేకపోయింది. కుర్ర డ్రైవరు బాబీ ఉన్నాడు. వాడి బండి కొత్తదే గానీ లోపల చిప్స్ పొట్లాలూ, తడి తువ్వాళ్ళూ, క్రికెట్ బ్యాటూ దొర్లుతుంటాయి. అలాంటివాడు కూడా నోరు చేసుకున్నాడు. "బాబాయ్, నీ బండి రాగాలు తీస్తందేటి? పూజలు సేయించకపోయేవా?"

ఆ మాటతో పరదేశి పౌరుషం పొడుచుకొచ్చి నేరుగా శ్యాంప్రసాద్ షెడ్డుకి వెళ్ళాడు. శ్యాంప్రసాద్ మంచి పనివాడే గానీ, చూడకముందే చెప్పేయడం అలవాటు. పరదేశి బండి దిగకముందే, "టైర్లు బావా, టైర్లు. అరుగుడు సమానంగా లేకపోతే ఇలాగే కూస్తాది" అని తేల్చేశాడు. ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాడు. ఆ పూట చప్పుడు తగ్గినట్టే అనిపించింది పరదేశికి. తగ్గాలని కోరుకునేవాడికి తగ్గినట్టే ఉంటుంది మరి. మర్నాడు రావికమతం దారిలో మళ్ళీ 'హూఁ' మంది, ఈసారి లోపల ఇసక నలిగినట్టుగా.

ఇద్దరూ కలిసి బండి రోడ్డెక్కించారు. శ్యాంప్రసాద్ వెనక సీట్లో బోర్లా పడుకున్నట్టు కూర్చుని, చెవి కిందికి పెట్టాడు.

"యాక్సిలరేటరు మీంచి కాలు తీసి సూడు బావా... ఊఁ, నొక్కు... సౌండు మారలేదు. అంటే మద్దిలో పళ్ళచక్రాలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మలుపు రానీ."

ఎడమవైపు మలుపులో బండి బరువంతా కుడిపక్కకు ఒరిగింది. రొద గట్టిపడింది. కుడివైపు మలుపు వచ్చేసరికి ఎవరో నోరు మూసినట్టు సద్దు మణిగింది. ఇంకో మలుపులోనూ అంతే.

"కుడి యెనక చక్రం. బరువు పడినప్పుడల్లా ఏడస్తంది. బేరింగు బావా."

"మరి టైర్లన్నావు?"

"డాక్టర్లు మాత్రం ముందు జొరం బిళ్ళే కదేటి ఇచ్చీది?"

షెడ్డులో జాకీ మీద ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పి, "ఇక్కడ సెయ్యెట్టు" అన్నాడు శ్యాంప్రసాద్. పక్కనున్న స్ప్రింగు మీద పరదేశి అరచెయ్యి ఆనించాడు. తిరగలిలో ఇసక పోసి తిప్పినట్టు గరగరమని చేతికి తగిలింది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే లొటలొటమని కదిలింది. పరదేశి చెయ్యి తీసేసుకున్నాడు.

ఇంకా తిండికి రాలేదేమిటని కనకమహాలక్ష్మి క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఆమె వచ్చేసరికి చక్రం ఊడింది, లోపలి యాక్సిల్ రాడ్డు బయటికి వచ్చింది. రెండు వెనక చక్రాలనీ కలిపే లావుపాటి ఇనుపగొట్టంలోంచి నూనె కింది పళ్ళెంలోకి కారుతోంది. ఆముదంలా ఉండవలసిన నూనె పాలు విరిగిన టీలాగ తెల్లగా, జిగటగా ఉంది. బేరింగులో దొర్లే ఉక్కుముక్కల మీద అమ్మవారు పోసినట్టు గుంటలు, తుప్పు. రాడ్డు మీద బేరింగు కూర్చునే చోట కూడా కొరికేసినట్టు అరిగిపోయింది.

"నీళ్ళు" అన్నాడు శ్యాంప్రసాద్. "లోపలికి నీళ్ళు దిగేయి."

"నాను నీళ్ళలో ఎక్కడ తోలేను? వరదలొచ్చినా బండి తియ్యను కదా!"

కనకమహాలక్ష్మి క్యారేజీ గిన్నెలు విడదీయడంలో పడింది. శ్యాంప్రసాదే మెల్లగా అన్నాడు. "కాలవలోకి దించుతావు కదా బావా."

"శుభ్రం సెయ్యడానికి!"

"శుభ్రానికే. కానీ ఎండలో వైజాగ్ ఎల్లొచ్చిన బండికి ఈ గొట్టం ముట్టుకుంటే కాలిపోద్ది. లోపల గాలీ కాగి ఉంటాది. అలాగ కాగున్నప్పుడు సల్లటి నీళ్ళలో దించితే..."

కనకమహాలక్ష్మి చేతిలో పప్పుగిన్నె మూత రావడం లేదు. వేడిమీద మూసి తెచ్చింది. తిప్పి, కొట్టి, చివరికి కొంగుతో పట్టి లాగింది. "ఇదిగో, ఇలాగేటి? వేడిమీద మూతెడితే సల్లారేక లోపలికి లాక్కుని బిగుసుకుపోద్ది."

"అదే అక్కా! మీ గిన్ని మూతని లాక్కుంది, ఈ గొట్టం కాలవని లాక్కుంది. సీలు సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెం. ఆ నీళ్ళు నూనెలో కలిసి బేరింగుని తినేసేయి." ఆ తరవాత తల గోక్కున్నాడు. "నా మోటారుసైకిలూ అక్కడే కడుగుతాననుకో. ఇవాల్టినుంచి మానేస్తాను."

పరదేశి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తండ్రి ముఖం కళ్ళముందు ఆడింది. ఎడ్లకి చల్లనీళ్ళు సుఖం. ఇనుముకి కాదు. ఆ ముక్క తండ్రికి తెలియవలసిన అవసరం లేకపోయింది, తనకి చెప్పినవాడు లేకపోయాడు. బండిని ఎవరూ చూడనంత ప్రేమగా చూశాననుకున్నాడు. ఆ ప్రేమే దాన్ని లోలోపల తినేసింది.

"తిను మావా" అంది కనకమహాలక్ష్మి. "ఎరిగి సేసేవేటి?"

అసలు చిక్కు తరవాత బయటపడింది. బేరింగు దొరికింది గానీ, అరిగిన రాడ్డుకి బదులు కొత్త రాడ్డు చోడవరంలో లేదు, అనకాపల్లిలోనూ లేదు. విజయవాడ నుంచి రావాలి. వచ్చేసరికి వారం తిరుగుతుంది. రేవతిని మాత్రం ఈ గురువారమే ఇంటికి పంపుతామని ఆస్పత్రివాళ్ళు చెప్పేశారు. ఆ రోజు మంచిదని తాయారు పంచాంగం కూడా చూపించుకుంది.

"కంగారు పడకు బావా" అన్నాడు శ్యాంప్రసాద్. "అరిగిన సోట ఉలితో సుక్కలు కొడతాను. గరుకు తేలి, కొత్త బేరింగు పట్టేసుకుంటాది. అందరూ సేసే పనే. వైజాగెల్లొచ్చీదాకా ఏటీ అవదు. రాడ్డొచ్చేక మార్చుకుందుం."

పరదేశికి ప్రాణం లేచొచ్చింది. రాడ్డు మీద టకటకమని చుక్కలు కొట్టారు. కొత్త బేరింగు దిగింది, కొత్త సీలు దిగింది, ఆముదం రంగు నూనె పోశారు. రోడ్డు మీదికి తీసుకెళ్తే బండి పిల్లిలా నడిచింది. ఎడమ మలుపులో నిశ్శబ్దం, కుడి మలుపులో నిశ్శబ్దం. కనకమహాలక్ష్మి వాకిట్లోకి వచ్చి, "ఇదేటి, సెప్పాపెట్టకుండా ఒచ్చీసేవు!" అని నవ్వింది.

అంతా బాగానే ఉంది గానీ, అన్నం కలుపుతుండగా పరదేశికి అనుమానం పట్టుకుంది. శ్యాంప్రసాద్ ఉలి తలపుకొచ్చింది. చుక్కల మీద ఆనుకున్న బేరింగు ఎంతసేపు ఆనుకుంటుంది? అది వదిలితే మూలుగుతో పోదు. చక్రం రాడ్డుతో సహా బయటికి జారుతుంది. పెద్ద రోడ్డు మీద, లారీల మధ్య. లోపల పచ్చి బాలింత.

చెయ్యి కడుక్కుని, బండి తీయకుండా, నడుచుకుంటూ షెడ్డుకి వెళ్ళాడు.

"శ్యాం, ఒక మాట అడుగుతాను. నీ పెళ్ళాన్నీ బిడ్డనీ ఆ బండిలో కూసోబెట్టి వైజాగ్ నుంచి తెస్తావేటి?"

"ఏటీ అవదన్నాను కదా బావా."

"నానడిగింది అది కాదు."

శ్యాంప్రసాద్ పనిముట్ల పెట్టె తెరిచి స్పానరు కోసం వెతకడం మొదలుపెట్టాడు. స్పానరు అతని చేతిలోనే ఉంది.

"అయితే ఇప్పీ" అన్నాడు పరదేశి. "ఇప్పీసి, రాడ్డొచ్చీదాకా జాకీ మీదే ఉంచు."

అక్కణ్ణుంచి స్టాండుకి నడిచాడు. ఆ నడక అతనికి బరువైంది. బాబీ బానెట్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఒరే బాబీ, గురువారం నీ బండి కావాల. తాయారప్ప మనవణ్ణి తేవాల."

బాబీ ఫోన్ దించాడు. "నా బండా? మొన్నే కదా బాబాయ్, నా బండిలో ఎలకలు కాపరం పెట్టేయన్నావు!"

"పెట్టేయి. గురువారానికి కాళీ సేయించు."

"మరి నీ బండో?"

"బేరింగు పోయింది. నానే పాడుసేసుకున్నాను, కాగున్న బండిని కాలవలో దించి దించి."

బాబీ బానెట్ మీంచి దిగాడు. పరదేశి నోట అలాంటి మాట వినడం వాడికి కొత్త. "సరే బాబాయ్" అన్నాడు. ఆ సాయంత్రం వాడి బండి లోపలున్న చెత్తంతా పరదేశే ఎత్తాడు. సీట్లు తడిగుడ్డతో తుడిచాడు, బాలింత కూర్చునే చోట ఉతికిన దుప్పటి పరిచాడు. "ఇది నా బండేనేటి?" అని బాబీ చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

ఇంక మిగిలింది తాయారుకి చెప్పడం. పరదేశి కొత్త తమలపాకులూ వక్కలూ కొని, పళ్ళెంలో పెట్టుకుని ఆమె గడపలో నిలబడ్డాడు. ఆకులు చూసి తాయారు రెండడుగులు వెనక్కి వేసింది. ఇచ్చిన తాంబూలం తిరిగొచ్చిందంటే ఆ వైపున పెళ్ళి సంబంధాలే తప్పిపోతాయి.

"ఇదేటి పరదేశీ? శుభమా అని బిడ్డొస్తంటే తాంబూలం తిరగ్గొడతావేటి?"

ఉన్నదున్నట్టు చెప్పాడు. కాలవా, వేడీ, చుక్కలూ, ఏదీ దాచలేదు. "పైకి బాగానే నడస్తందప్పా. దానికే నా భయం. నీ మాట నీకిచ్చేస్తన్నాను. బాబీతో సెప్పేను, ఆడు తెస్తాడు."

తాయారు పళ్ళెం అందుకుంది. "అయితే ఆ తుమ్మెద..."

"తుమ్మెద కాదప్పా."

"నానెరుగుదును. ఆరోజే అనుకున్నాను. సెప్తే నొచ్చుకుంటావని ఎతికినట్టు సేసేను." ఆమె ఒక ఆకు తీసి, ఈనె గిల్లి, లోపలికెళ్ళి సున్నం తెచ్చి రాసి, వక్కపలుకు పెట్టి చుట్టి నోట్లో వేసుకుంది. నములుతూ అంది. "ఆకు నాను తినీసేను, ఇంక తిరగ్గొట్టడానికేటీ లేదు. బండి రాపోతే మానె, మనిషివి రా. ఆ బాబీగాడు కుర్రముండావాడు. గోతిలో దించీసేడంటే మా గుంట రేవతి కుట్లు పిగిలిపోతాయి. పక్కన కూసోని అదుపు సెయ్యి."

గురువారం నాడు పరదేశి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వైజాగ్ వెళ్ళాడు. తాయారూ, ఆమె భర్త రామ్మూర్తీ వెనక కూర్చున్నారు. పోయేటప్పుడు ఊరుకున్నాడు. రేవతినీ బిడ్డనీ ఎక్కించుకుని తిరిగి వస్తున్నప్పుడు మాత్రం నోరు కట్టుకోలేకపోయాడు.

"ముందర గొయ్యి... ఎడమకి... మెల్లగా దించు. ఇప్పుడు రెండోది."

"బాబాయ్, స్టీరింగు నువ్వే పట్టుకోరాదేటి?"

"నాకొద్దు. నీ బండి, నువ్వే తోలు. కుడికి!"

"అడుగడుక్కీ సెప్తన్నావు, తోలుతంది నువ్వా నానా?"

వెనకనుంచి రేవతి నీరసంగా నవ్వింది. "బాబీ, ఇను బాబూ. నాకు హాయిగా ఉంది."

సబ్బవరం దాటాక, పరదేశి చెప్పకుండానే బాబీ ఒక గొయ్యి తప్పించి, ఓరకంట చూశాడు. పరదేశి తల పంకించాడు.

చోడవరంలో ఇంటిముందు ఆగేసరికి వీధిలో ఆడవాళ్ళు అప్పటికే గుమిగూడారు. తాయారు దిష్టినీళ్ళు కలపడానికి గబగబా లోపలికి పరిగెత్తింది. రామ్మూర్తి సంచులు దింపుకుంటున్నాడు. రేవతి దిగడానికి తలుపు పట్టుకోవాలి, రెండు చేతులూ కావాలి. ఎదురుగా పరదేశి నిలబడి ఉన్నాడు. "మావయ్యా, పట్టు" అని బిడ్డని అతని చేతుల్లో పెట్టేసింది.

పరదేశి బిగుసుకుపోయాడు. ఆ వీధిలో పిల్లలందర్నీ ఆస్పత్రుల నుంచి తెచ్చింది అతనే. ఎవరు వచ్చినా, ఎవరు దిగినా, అతను ఇంజను ఆపకుండా ముందు సీట్లోనే ఉండేవాడు. దింపేసి, వెంటనే బండి కడగడానికి వెళ్ళిపోయేవాడు. కన్నకూతురు రోజా బిడ్డ వచ్చినప్పుడూ అంతే. కడిగి ఇంటికి వచ్చేసరికి మనవరాలు ఉయ్యాల్లో నిద్రపోతోంది.

"మెడకింద సెయ్యెట్టు మావా" అంది కనకమహాలక్ష్మి పక్కకొచ్చి. "బిందిని పట్టుకున్నట్టు కాదు. అలాగ. ఇప్పుడు బాగుంది."

దుప్పటి మడతలోంచి బిడ్డ ఒక్కసారి ఆవులించాడు. చిన్న పిడికిలి పైకొచ్చి పరదేశి చొక్కా గుండీకి తగులుకుంది. రేవతి ఒక కాలు కింద పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టింది. తాయారు ఎర్రనీళ్ళ పళ్ళెంతో వాకిట్లోకి వచ్చి చేతులు చాపింది.

"ఇలా తే పరదేశీ, దిష్టి తియ్యాల."

"ఉండప్పా" అన్నాడు పరదేశి, బిడ్డమీంచి కళ్ళు తిప్పకుండా. "అలాగే తీసీ. నాను పట్టుకుంటాను."